షాట్‌గన్ కార్ట్రిడ్జ్ వేగం: పెట్టె మీది అంకెకూ క్రోనోగ్రాఫ్ చూపే అంకెకూ ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న: మట్టిపిట్ట (డల్లాస్)

అందరికీ నమస్కారం. నేను ఉద్యోగరీత్యా టెక్సస్‌లో ఉంటున్నాను. మూడేళ్లుగా వారాంతాల్లో స్పోర్టింగ్ క్లేస్ (గాలిలోకి విసిరిన మట్టి బిళ్లలను తుపాకితో కొట్టే ఆట; ఆ బిళ్లలనే పిట్టలంటాం) ఆడుతున్నాను. నాది 12 బోరు తుపాకి, ఒకదానిపై ఒకటిగా రెండు గొట్టాలు, గొట్టం పొడవు 28 అంగుళాలు. ఈ మధ్య ఒక రకం కార్ట్రిడ్జ్‌లు చవకగా దొరికితే పది పెట్టెలు కొన్నాను. ఒక్కోదానిలో ఒక ఔన్సు సీసపు గుండ్లు, ఏడున్నర నంబరు సైజువి. పెట్టె మీద వేగం సెకనుకు 1300 అడుగులని అచ్చు వేసి ఉంది, అంటే సుమారు 396 మీటర్లు. వీటితో కాల్చినప్పుడు అడ్డంగా పోయే పిట్టలు ఎక్కువగా తప్పిపోతున్నాయి. గుండ్లు పిట్ట వెనక నుంచి పోతున్నాయేమో, పెట్టె మీద రాసినంత వేగం వీటికి లేదేమో అని అనుమానం వచ్చి, ఒక మిత్రుడు రైఫిల్ తూటాల వేగం కొలవడానికి వాడుకునే క్రోనోగ్రాఫ్‌ను అడిగి తెచ్చుకున్నాను.

అది వెలుతురు ఆధారంగా పనిచేసే పాత రకం. రెండు అడుగుల ఎడంతో రెండు సెన్సర్లు, వాటి పైన కడ్డీల మీద నిలబెట్టిన తెల్లటి ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. గొట్టం మూతి నుంచి రెండు సెన్సర్ల నడిమి బిందువుకు పది అడుగులు ఉండేటట్లు స్టాండు మీద అమర్చి, బెంచి మీద తుపాకి ఆనించి పది సార్లు కాల్చాను. ఉదయం పదకొండు గంటల సమయం, 33 డిగ్రీల ఎండ. సెకనుకు మీటర్లలో వచ్చిన అంకెలు వరుసగా ఇవి: 374, 369, 381, 351, 366, 377, 352, 372, 418, 370.

ఒక్కటి కూడా 396 దరిదాపుల్లో లేదు. ఒకటేమో దాన్ని దాటి 418కి పోయింది, రెండు మరీ తక్కువకు పడిపోయాయి. ఇదే యంత్రంతో నా మిత్రుడు తన రైఫిల్ తూటాలను కొలిస్తే అంకెలన్నీ పక్కపక్కనే వస్తాయి కనుక యంత్రం చెడిపోయిందని అనుకోలేను. మందు నింపడంలోనే నిలకడ లేదా, పెట్టె మీద అబద్ధం రాశారా, లేక నేను కొలిచిన పద్ధతిలోనే లోపముందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం: ఓంసూత్రం (మెల్‌బోర్న్)

మీ పది అంకెల్లో 351, 352, 418 అనే మూడింటిని కాసేపు పక్కన పెడదాం, కారణం తర్వాత చెబుతాను. మిగిలిన ఏడింటి సగటు 372.7. పెట్టె మీది అంకెకు ఇది 23 మీటర్లు తక్కువ. ఆ 23 మీటర్లను కంపెనీవాళ్లు కాజేయలేదు, దారిలో గాలి తినేసింది.

అమెరికాలో కార్ట్రిడ్జ్‌ల ప్రమాణాలను నిర్ణయించే సామీ అనే సంస్థ పద్ధతి ప్రకారం, 12 బోరు కార్ట్రిడ్జ్ వేగాన్ని 30 అంగుళాల ఫుల్ చోక్ (మూతి దగ్గర బాగా బిగుసుకున్న) పరీక్షా గొట్టంతో, మూతికి మూడడుగుల దూరంలో కొలుస్తారు. మీరు కొలిచింది పది అడుగుల దూరంలో. మధ్యలో ఉన్న ఏడడుగులు, అంటే 2.13 మీటర్లు, రైఫిల్ తూటాకు లెక్కలోకి రాని దూరం. పది పదకొండు గ్రాముల బరువుండి మొన తేలిన తూటా మీటరు ప్రయాణానికి సెకనుకు ఒక మీటరు వేగం కూడా కోల్పోదు. షాట్‌గన్ గుండు సంగతి వేరు. ఏడున్నర నంబరు గుండు వ్యాసం సుమారు 2.4 మిల్లీమీటర్లు, బరువు గ్రాములో పన్నెండో వంతు, పైగా గోళాకారం, ధ్వనికంటే ఎక్కువ వేగం. ఈ నాలుగూ కలిస్తే గాలి నిరోధం ఎంత ఉంటుందో లెక్క కట్టి చూడండి: 400 మీటర్ల వేగంతో ఒంటరిగా పోయే అలాంటి గుండు ప్రతి మీటరు దూరానికి సెకనుకు సుమారు 11 మీటర్ల వేగం పోగొట్టుకుంటుంది. మూతి దాటిన కొత్తలో గుండ్లు గుంపుగా ఉండి వెనకవి ముందువాటి చాటున నడుస్తాయి కనుక అసలు నష్టం దీనికి కాస్త తక్కువగా ఉంటుంది. మీటరుకు పది అనుకున్నా 2.13 మీటర్లకు 21 పోయినట్టే. మీ గొట్టం పరీక్షా గొట్టంకన్నా రెండు అంగుళాలు పొట్టిది కాబట్టి అక్కడ ఒకటి రెండు మీటర్లు తగ్గినా ఆశ్చర్యం లేదు. మీ 23కు లెక్క దాదాపు సరిపోయింది. ఆ పైన సామీ ప్రమాణమే సగటు వేగంలో సెకనుకు 90 అడుగులు, అంటే 27 మీటర్లు, అటూ ఇటూ తేడాను అనుమతిస్తుంది. కనుక పెట్టె మీద అబద్ధం రాశారనడానికి మీ దగ్గర ఆధారం లేదు.

ఇక పక్కన పెట్టిన మూడు అంకెలు. నాకు మీ ప్రశ్నలో అన్నిటికంటే ఆసక్తి కలిగించింది 351, 352 జంటే. 33 డిగ్రీల వేడిలో గాలిలో ధ్వని వేగం ఎంతో చూడండి: 331కి డిగ్రీకి 0.6 చొప్పున కలిపితే 351 వస్తుంది. ఆ రెండు సార్లు మీరు గుండ్లను కాదు, తుపాకి చప్పుడును కొలిచారు. పేలినప్పుడు మూతి నుంచి వెలువడే వాయువులు మొదట గుండ్లను దాటి ముందుకు దూకుతాయి. ఆ పేలుడు తరంగం కొద్ది అడుగుల్లోనే నీరసించి ధ్వని వేగానికి దిగుతుంది, అప్పుడు గుండ్లు దాన్ని దాటిపోతాయి. తరంగంలో గాలి సాంద్రత ఒక్కసారిగా మారడం వల్ల వెలుతురు చలిస్తుంది, స్టాండు కూడా అదురుతుంది. సెన్సర్లు పలచటి గుండ్ల నీడను పట్టుకోలేక, వెనక వచ్చిన ఆ తరంగానికి స్పందించి ఉంటాయి. ధ్వని వేగానికి దగ్గరగా ఒకే అంకె రెండోసారి కనబడితే దాన్ని కొట్టివేయడం కొలిచేవాళ్లకు అలవాటు కావాలి.

418 సంగతి అర్థం కావాలంటే, మీ ముందు నుంచి పోయేది ఒక వస్తువు కాదని గుర్తుంచుకోవాలి. ఒక ఔన్సులో ఈ నంబరు గుండ్లు సుమారు 350 ఉంటాయి. మూతి దగ్గర చిన్న స్తంభంలా బయలుదేరిన ఆ గుంపు దూరం పోయేకొద్దీ పొడుగ్గా సాగుతుంది, వెంట వ్యాడ్ (మందుకూ గుండ్లకూ మధ్య ఉండే తేలికైన ముక్క) కూడా ఉంటుంది. మొదటి సెన్సర్ గుంపులో ముందున్న గుండుకు, రెండోది కూడా ముందున్న గుండుకే స్పందిస్తే కొలత సరైనది. కానీ మొదటి సెన్సర్ ముందు వరసను గమనించక ఆలస్యంగా మేల్కొని, రెండోది సకాలంలో మేల్కొంటే, మధ్య కాలం తగ్గి వేగం ఎక్కువగా కనిపిస్తుంది. రెండడుగుల దూరాన్ని 372.7 మీటర్ల వేగంతో దాటడానికి 1.636 మిల్లీసెకన్లు పడుతుంది. 418 అని చూపాలంటే యంత్రం 1.458 మిల్లీసెకన్లే లెక్కించి ఉండాలి. ఆ తేడాలో గుంపు ప్రయాణించే దూరం 6.6 సెంటీమీటర్లు. అంటే మొదటి సెన్సర్ గుంపులోని తొలి ఆరేడు సెంటీమీటర్లను చూడకుండా వదిలేసిందన్నమాట. ఒంటి తూటాను పంపే రైఫిల్‌కు ఈ బాధ లేదు, అందుకే మీ మిత్రుడికి అంకెలు పక్కపక్కనే వస్తున్నాయి.

దీనికి విరుగుడు సెన్సర్ల ఎడం పెంచడం. రెండడుగుల ఎడంలో 2.5 సెంటీమీటర్ల పొరపాటు జరిగితే వేగంలో నాలుగు శాతం, అంటే 15 మీటర్లు తేడా వస్తుంది. నాలుగడుగులకు పెంచితే అదే పొరపాటు సగానికి దిగుతుంది. మీ యంత్రంలో సెన్సర్లను విడదీయగలిగితే పొడవాటి పట్టీ మీద నాలుగడుగుల ఎడంతో బిగించి, ఆ దూరాన్ని మిల్లీమీటరు వరకు కొలిచి యంత్రానికి చెప్పండి. మూతికీ మొదటి సెన్సర్‌కూ మధ్య, జానెడు రంధ్రం చేసిన మందపాటి ప్లైవుడ్ పలకను అడ్డంగా నిలబెడితే పేలుడు తరంగం చాలావరకు అక్కడే ఆగుతుంది. సెన్సర్ పెట్టెకు ముందు ఉక్కు రేకు కూడా తప్పనిసరి, ఎందుకంటే రైఫిల్ తూటాలాగా గుండ్లు, వ్యాడ్ ఒక గీత మీద పోవు. ఉన్నంతలో బిగువైన చోక్ వాడండి. గురి సరిచూడడానికి, ఖాళీ తుపాకిని తెరిచి రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని మరోసారి చూసుకుని, మందుగది వైపు నుంచి గొట్టంలోంచి చూస్తే సెన్సర్ల పైన ఎక్కడ పోతుందో కంటికే కనిపిస్తుంది.

కొత్తగా వచ్చిన రాడార్ క్రోనోగ్రాఫ్ కొనమని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడకండి. 24 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే రాడార్ తరంగదైర్ఘ్యం సుమారు 12.5 మిల్లీమీటర్లు. అందులో అయిదో వంతు వ్యాసమున్న గుండు తిప్పికొట్టే సంకేతం చాలా బలహీనం. గుండ్లు విడివడ్డాక వాటికంటే వ్యాడే పెద్దగా కనిపిస్తుంది, ఆ వ్యాడేమో తేలిక కనుక త్వరగా వేగం కోల్పోతుంది. ఏది కొలిచిందో తెలియని అంకె చేతికొస్తుంది.

సమాధానం: బర్మింగ్‌హామ్ బాబాయి

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, దూరం విషయంలో ఒక మాట కలుపుతున్నాను. మీరు రేపు యూరప్ కార్ట్రిడ్జ్ కొంటే లెక్క మళ్లీ మారుతుంది. ఇక్కడ సిఐపి (సామీ లాంటి ప్రమాణాల సంస్థ) పద్ధతిలో 70 సెంటీమీటర్ల గొట్టంతో, మూతికి 2.5 మీటర్ల దూరంలో కొలుస్తారు. పెట్టెల మీద మాత్రం కొందరు మూతి దగ్గరి వేగం అంటారు, కొందరు ఒక మీటరు దగ్గరిది వేస్తారు, కొందరు అసలు దూరమే రాయరు. అమ్ముకునేవాడికి పెద్ద అంకె ఇష్టం కనుక దూరం రాయని అంకెను నేను మూతి దగ్గరిదిగానే భావిస్తాను. ఒకే కార్ట్రిడ్జ్‌కు మూతి దగ్గరికీ 2.5 మీటర్లకూ పాతిక మీటర్ల దాకా తేడా రావచ్చు.

పాతకాలం ఇంగ్లండులో ఇంకో పద్ధతి ఉండేది, నాకు అదే ఎక్కువ నిజాయితీగా తోస్తుంది. మూతికి అడ్డంగా ఒక సన్నని తీగ కట్టి, 20 గజాల దూరంలో ఒక ఇనుప పలక నిలబెట్టేవారు. గుండ్లు తీగను తెంపగానే ఒక విద్యుదయస్కాంతం పట్టు వదిలి పొడవాటి కడ్డీ కిందికి పడేది. పలకను తాకగానే ఇంకో కడ్డీ పడి, ఒక కత్తిని విడిపించి, పడుతున్న మొదటి కడ్డీ మీద గాటు పెట్టేది. గాటు ఎంత ఎత్తున పడిందో కొలిస్తే కాలం తెలిసేది. 1860లలో బెల్జియం సైనికాధికారి లె బూలాంజే కనిపెట్టిన యంత్రం అది. దాంతో వచ్చేది 20 గజాల మీద సగటు వేగం. పిట్టకు పనికొచ్చేది ఆ సగటే కాని మూతి దగ్గరి అంకె కాదు.

మరో హెచ్చరిక. వేగం తక్కువగా ఉంటే పీడనం తక్కువని, ఎక్కువగా ఉంటే ఎక్కువని అనుకోవద్దు. సిఐపి లెక్కలో సాధారణ 12 బోరు కార్ట్రిడ్జ్ గరిష్ఠ సగటు పీడనం 740 బార్లు. త్వరగా మండే మందు తక్కువ వేగానికే ఎక్కువ పీడనం చూపగలదు, నిదానంగా మండేది తక్కువ పీడనంతోనే ఎక్కువ వేగం ఇవ్వగలదు. క్రోనోగ్రాఫ్ చూసి ఒక కార్ట్రిడ్జ్ పాత తుపాకికి సురక్షితమా కాదా అని తేల్చడం తగదు.

మట్టిపిట్ట:

ఇద్దరికీ కృతజ్ఞతలు. చప్పుడును కొలిచానన్న మాట చదివి చాలాసేపు నవ్వుకున్నాను. చెప్పినట్టే నాలుగడుగుల పట్టీ, ప్లైవుడ్ అడ్డు, ఉక్కు రేకు ఏర్పాటు చేసి, ఈసారి మబ్బు పట్టిన రోజు చూసుకుని వెళ్లాను. అదే పెట్టె నుంచి నడిమి బిందువు 2.5 మీటర్ల దగ్గర పది, 4.5 మీటర్ల దగ్గర పది కాల్చాను. మొదటి పదింటి సగటు 378, రెండో పదింటి సగటు 358. రెండు మీటర్లకు 20 తగ్గింది. ఆ గీతనే వెనక్కి పొడిగిస్తే మూడడుగుల దగ్గర 394 వస్తోంది. పెట్టె మీద ఉన్నది 396! ఇరవై సార్లలో ఒక్క అంకె కూడా పిచ్చిగా రాలేదు. అయితే ఇప్పుడు అసలు చిక్కు మిగిలింది: కార్ట్రిడ్జ్ తప్పు లేకపోతే పిట్టలు ఎందుకు తప్పుతున్నాయి?

ఓంసూత్రం:

అంత దగ్గరగా కలవడంలో కొంత అదృష్టం కూడా ఉంది. షాటుకు షాటుకు మధ్య ప్రామాణిక విచలనం (అంకెలు సగటుకు అటూ ఇటూ చెదిరే కొలత) మీ మొదటి జాబితాలో ఆ మూడు అంకెలు తీసేస్తే 5 మీటర్లు. పది షాట్ల సగటులో దాని వల్ల ఒకటిన్నర మీటర్ల అనిశ్చితి ఉంటుంది, రెండు సగటుల నుంచి గీత గీసి వెనక్కి పొడిగిస్తే అది ఇంకా పెరుగుతుంది. 394 అన్నదాన్ని మూడు నాలుగు మీటర్ల తేడాతో చదువుకోండి. మబ్బు రోజు ఎంచుకోవడం మంచి పని. ఆకాశం అంతా ఒకే తెలుపులో ఉన్నప్పుడు సెన్సర్లకు నీడ స్పష్టంగా తెలుస్తుంది. ఇన్‌డోర్ రేంజిలో మాత్రం ట్యూబ్‌లైట్ల కింద ఈ పని పెట్టుకోకండి, కంటికి కనబడని వాటి మిణుకు కూడా సెన్సర్లను మోసం చేస్తుంది.

సమాధానం: గచ్చిబౌలి రేంజి (హైదరాబాద్)

ఆలస్యంగా చూశాను. 2002 జాతీయ క్రీడల కోసం కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో కట్టిన రేంజిలో చాలాకాలంగా ట్రాప్ (ఎదుటి నుంచి దూరంగా ఎగిరిపోయే పిట్టలను కొట్టే పోటీ) ఆడుతున్నవాడిగా, మీ చివరి ప్రశ్న గురించి చెబుతాను. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మా నగరవాసి కైనన్ చెనాయ్ ట్రాప్ వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం గెలిచిన తర్వాత కొత్తగా వచ్చే కుర్రాళ్లు నన్ను మొదట అడిగేది ఎంత వేగమున్న కార్ట్రిడ్జ్ కొనాలనే. పోటీ నియమాలు చూసేది గుండ్ల బరువు 24.5 గ్రాములు, వ్యాసం 2.6 మిల్లీమీటర్లు దాటకూడదని. వేగం కోసం ఆరాటమంతా మనదే.

మీరు అనుమానించినట్టే పెట్టె మీది వేగానికి నిజంగా పది మీటర్లు తగ్గిందనుకుందాం. 35 మీటర్ల దూరం పోవడానికి ఈ గుండ్లకు సెకనులో సుమారు ఎనిమిదో వంతు పడుతుంది. తొలి వేగం పది మీటర్లు తగ్గితే ఆ కాలం పెరిగేది రెండు మిల్లీసెకన్ల మేర మాత్రమే, ఎందుకంటే వేగంగా బయలుదేరిన గుండును గాలి మరింత గట్టిగా ఆపుతుంది, దూరం పోయేకొద్దీ తేడా కరిగిపోతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో సరిగ్గా అడ్డంగా పోయే పిట్ట ఆ రెండు మిల్లీసెకన్లలో కదిలేది 5 సెంటీమీటర్లు. గుండ్లు అక్కడ పరుచుకునే వెడల్పు ముప్పాతిక మీటరు. ఈ అయిదు సెంటీమీటర్ల వల్ల పిట్ట తప్పిందంటే ఎలాగూ అంచున తగిలే పిట్టే తప్పింది. మీరు నిలకడగా తప్పుతున్నారంటే కారణం అరచేతి వెడల్పున లేదు, మూరెడు వెడల్పున ఎక్కడో ఉంది.

మా దగ్గర లైసెన్సు మీద కొనే ప్రతి కార్ట్రిడ్జ్‌కూ లెక్క ఉంటుంది. క్రోనోగ్రాఫ్ ముందు ముప్పై కాల్చే తాహతు చాలామందికి లేదు. అందుకే ఆ ఖర్చేదో పాటర్న్ పలక (గుండ్లు ఎక్కడ, ఎలా పరుచుకుంటాయో చూపే పలక) ముందు పెట్టమంటాను. రెండు మీటర్ల కాగితం మీద నడుమ చుక్క పెట్టి, బెంచి మీద కాకుండా పిట్టను కొట్టేటప్పుడు నిలబడేటట్టే నిలబడి, తుపాకి ఎత్తిన వెంటనే ఆలోచించకుండా కాల్చండి. ప్రతి షాటుకూ కొత్త కాగితం పెట్టండి, గుండ్ల గుంపు నడిమి ఎక్కడ పడిందో గుర్తించండి. అయిదు కాగితాలు చాలు.

మట్టిపిట్ట:

ఆదివారం 35 గజాల దూరం నుంచి అయిదు కాగితాలు కాల్చాను. అయిదింటిలోనూ గుంపు నడిమి చుక్కకు దిగువన, ఎడమకు, ఇంచుమించు ఒక జానెడు దూరంలో పడుతోంది. నా చెంప స్టాకు (భుజానికి ఆనించే వెనక భాగం) మీద సరిగ్గా ఆనడం లేదని, స్టాకు కొలతలు నాకు సరిపోలేదని రేంజిలో ఒక పెద్దాయన చూసిన వెంటనే చెప్పారు. వచ్చే శనివారం సరిచేయించడానికి తీసుకెళ్తున్నాను. మిగిలిన ఎనిమిది పెట్టెలూ వాడేస్తాను. క్రోనోగ్రాఫ్‌ను మిత్రుడికి తిరిగిచ్చాను; మొదటి రోజు, ఉక్కు రేకు పెట్టకముందు, వ్యాడ్ తగిలి దాని కడ్డీ ఒకటి విరిగిన సంగతి ఇక్కడ చెప్పలేదు, కొత్తది కొని బిగించి మరీ ఇచ్చాను.